క్వార్టరు రైల్వేది, సొంతూరు సిక్కోలు: ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో పిల్లల పెంపకం

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే తెలుగునాట ఎక్కువమందికి స్ఫురించేది 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ. పోటీ పరీక్షలు రాసేవారికైతే 1,072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 2013లో గోరఖ్‌పూర్ దానిని దాటేవరకు ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫారం అదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలలో మాత్రం ఖరగ్‌పూర్ అంటే వేరే అర్థం ఉంది. తాతగారో మేనమామగారో అక్కడి రైల్వేలో పనిచేశారని చెప్పుకొనే కుటుంబాలు ఆ జిల్లాలలో తక్కువేమీ కావు. ఐఐటీలో చదివే తెలుగు విద్యార్థి నాలుగైదేళ్లలో పట్టా పుచ్చుకొని వెళ్లిపోతాడు. న్యూ సెటిల్‌మెంట్, ఓల్డ్ సెటిల్‌మెంట్, నింపురా, మథురాకాటి వంటి రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా అక్కడే కాపురం చేస్తున్నాయి.

ఇంటి నుంచి వందల కిలోమీటర్ల దూరంలో, చుట్టూ బంగ్లా మాట్లాడే జిల్లాలో, హిందీ వ్యవహార భాషగా నడిచే కాలనీలో పిల్లలను తెలుగు పిల్లలుగా పెంచడం ఎలా సాధ్యమవుతున్నది? ఈ ప్రశ్న వేయగానే మనం భాష గురించి, పండుగల గురించి ఆలోచిస్తాం. అక్కడి తల్లిదండ్రులను నిజంగా ఇబ్బంది పెట్టేవి అంతకంటె పొడి విషయాలు. ఇల్లు ఎంతకాలం మనది, పిల్లవాడు ఏ రాష్ట్రానికి స్థానికుడు, కుల ధ్రువపత్రం ఎవరు ఇస్తారు అన్నవే వారి ముందున్న ప్రశ్నలు. వీటికి జవాబులు తెలియాలంటే తెలుగువారు అసలు ఆ ఊరికి ఎలా చేరారో కొంత తెలుసుకోవాలి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పాతవారు ఇప్పటికీ బీఎన్ఆర్ అంటారు. పంతొమ్మిదవ శతాబ్దం చివరినాటికి ఖరగ్‌పూర్ జంక్షన్ రూపుదిద్దుకుంది. దాని వెంటే పెద్ద వర్క్‌షాప్ వచ్చింది. అదే కాలంలో, అంటే 1893, 1896 సంవత్సరాల మధ్య, విజయవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం నిర్మాణం జరిగింది. ఆ మార్గంలో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న ఉత్తర భాగాన్ని 1902లో బీఎన్ఆర్‌కు అప్పగించారు. ఈ ఒక్క పరిపాలనా నిర్ణయంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే యజమాని కిందికి వచ్చాయి. పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్లలో రైలు ఎక్కిన మనిషి అదే కంపెనీ వర్క్‌షాప్ వాకిట దిగగలిగాడు. అంతకుముందు ఉత్తరాంధ్ర కూలీలు విశాఖపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఓడ ఎక్కి రంగూన్ వెళ్లేవారు. దానినే రంగం పోవడం అనేవారు. రంగం పోయినవారిలో ఎందరో 1942లో జపాన్ దాడుల సమయంలో కాలినడకన తిరిగి రావలసి వచ్చింది. ఖరగ్‌పూర్ పోయినవారు అక్కడే నిలదొక్కుకున్నారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా, ఫైర్‌మన్‌లుగా చేరినవారి పిల్లలు గుమాస్తాలు, గార్డులు, డ్రైవర్లు అయ్యారు.

ఈ చరిత్రలో తెలుగువారు కూలీలుగా మాత్రమే లేరు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నిర్మించి, ఉద్యోగాల తొలగింపునకు వ్యతిరేకంగా 1927-28లో జరిగిన పోరాటానికి నాయకత్వం వహించారు. దేశ కార్మికోద్యమ చరిత్రలో దానికి ప్రముఖ స్థానం ఉంది. విచిత్రమేమంటే, 1974 మే నెలలో దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగి, అనేక రైల్వే కాలనీలలో సమ్మెకారుల కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టిన రోజులలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ గిరిగారే.

సమ్మె చేసిన మనిషిని లొంగదీయడానికి యాజమాన్యం మొదట ఇంటి మీద చెయ్యి వేసిందంటే, రైల్వే కాలనీ జీవితంలో ఇల్లు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. న్యూ సెటిల్‌మెంట్‌లోని ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. ఎర్ర కంకర నేల మీద వరుసలుగా కట్టిన ఆ క్వార్టర్లలో నీరు, కరెంటు, ఆసుపత్రి, ఆటస్థలం అన్నీ రైల్వే ఏర్పాట్లే. ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు పెళ్లి చేసుకొని భార్యతో అక్కడ కాపురం పెట్టాడనుకుందాం. చిన్న పట్టణంలో ఇంతకంటె నిశ్చింతైన జీవితం దొరకడం కష్టం. పిల్లలు నడిచి బడికి వెళ్తారు. జ్వరం వస్తే రైల్వే ఆసుపత్రి ఉంది. గోల్ బజారులో అన్నీ దొరుకుతాయి. హౌరా వెళ్లాలంటే 115 కిలోమీటర్లు, లోకల్ రైళ్లున్నాయి. ఏడాదికి మూడు సెట్ల పాసులు ఉంటాయి కనుక సొంతూరు ప్రయాణం భారం కాదు. ఆ యువకుడికి అరవై ఏళ్లు నిండేసరికి పరిస్థితి మారుతుంది.

పదవీ విరమణ తరువాత క్వార్టరును నాలుగు నెలలు మామూలు అద్దెకు, పిల్లల చదువు, అనారోగ్యం వంటి కారణాలుంటే మరో నాలుగు నెలలు ప్రత్యేక అద్దెకు ఉంచుకోవచ్చు. ఆపైన ఉంటే అనధికార నివాసమే. ఖాళీ చేసేవరకు గ్రాట్యుయిటీ నిలిపివేస్తారు. అనధికారంగా ఉన్న ఒక్కొక్క నెలకు విరమణానంతర పాసులో ఒక్కొక్క సెట్టు కోత పడుతుంది. ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణిస్తే కుటుంబానికి రెండేళ్ల గడువు ఇస్తారు. కొడుకో కూతురో కూడా రైల్వే ఉద్యోగి అయి, విరమణకు ముందు కనీసం ఆరు నెలలు తల్లిదండ్రులతో అదే క్వార్టరులో ఉంటూ, ఇంటి అద్దె భత్యం తీసుకోకుండా ఉన్నట్లయితే, నిబంధనలకు లోబడి క్వార్టరును వారి పేరిట కేటాయించే వీలుంది. ఒకే కుటుంబం తరాల తరబడి రైల్వే ఇంటిలో ఉండగలగడం వెనుక ఉన్న రహస్యం ఇదే. ఈ గొలుసు తెగకుండా ఉండాలంటే ప్రతి తరంలోనూ ఒకరు రైల్వేలో చేరాలి.

ఇప్పుడు ఆ గొలుసు తెగుతున్నది. ఒకప్పుడు వర్క్‌షాప్ నియామకాలు స్థానికంగా, తెలిసినవారి ద్వారా జరిగేవి. నేడు అవి దేశవ్యాప్త పోటీ పరీక్షలు. 2019 నాటి ఎన్‌టీపీసీ ప్రకటనలో దాదాపు 35 వేల పోస్టులకు కోటీ ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. డ్రైవర్లు, గ్యాంగ్‌మన్ల పిల్లలకు ఉద్యోగం దక్కే వెసులుబాటుతో 2004లో మొదలై, 2010లో విస్తరించిన స్వచ్ఛంద విరమణ పథకాన్ని రైల్వే 2018లో ముగించింది. రాజ్యాంగం చెప్పే సమానావకాశానికి అది విరుద్ధమని న్యాయస్థానం ప్రశ్నించింది. ఆ ప్రశ్న సరైనదేనని ఒప్పుకోక తప్పదు. బయటి పిల్లవాడికి ఎందుకు అవకాశం ఉండకూడదు? అయితే ఆ నిర్ణయంతో న్యూ సెటిల్‌మెంట్ వంటి చోట ఒక కుటుంబం కొలువునే కాక ఇంటిని కూడా పోగొట్టుకుంటుందన్నది వాస్తవం.

దీనికి తోడు 2003లో మరో మార్పు జరిగింది. బీఎన్ఆర్‌ను 1944లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది. ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ అందులోనే ఉండేవి. ఖరగ్‌పూర్‌లో పదేళ్లు పనిచేసిన తెలుగు ఉద్యోగి తల్లిదండ్రుల ముసలితనం కారణం చూపి వాల్తేరుకు బదిలీ కోరుకుంటే అది ఒకే జోన్ లోపలి వ్యవహారం. 2003 ఏప్రిల్ 1న భువనేశ్వర్ కేంద్రంగా ఈస్ట్ కోస్ట్ రైల్వే అమలులోకి వచ్చి, వాల్తేరు అందులో కలిసింది. వంద సంవత్సరాల పాటు ఒకే పాలన కింద ఉన్న రెండు ఊళ్లు వేరువేరు జోన్లకు చెందాయి. ఇప్పుడు అదే బదిలీ జోన్ల మధ్య బదిలీ. దానికి వరుస ఉంది, రెండు చోట్లా సమ్మతి కావాలి, సొంత కోరికపై వెళ్తే సీనియారిటీ అడుగుకు పోతుంది. పటం మీద గీసిన ఆ గీత న్యూ సెటిల్‌మెంట్‌లో ఎన్ని ఇళ్ల ఆలోచనలను మార్చిందో జోన్ల విభజన గురించి అప్పట్లో జరిగిన చర్చలలో పెద్దగా వినపడలేదు.

యజమాని కట్టిన ఊళ్లు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. కెనడాలో మనిటోబా రాష్ట్రపు ఉత్తరాన, అడవుల నడుమ, థాంప్సన్ అనే చిన్న నగరం ఉంది. 1956లో ఒక నికెల్ గనుల కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందంతో అది పుట్టింది. 2018లో అక్కడి లోహం కరిగించే, శుద్ధిచేసే కర్మాగారాలు మూతపడ్డాయి. గని మిగిలింది. పిల్లలతో ఉన్న కుటుంబాలకు అక్కడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. జీతం బాగుంటుంది, పొరుగు బాగుంటుంది, కాని పిల్లవాడు పద్దెనిమిదేళ్లవాడైన తరువాత చదువుకు, కొలువుకు ఎక్కడికి పోవాలి? మంచు, ఎండ తేడా తప్ప థాంప్సన్ తల్లిదండ్రుల బెంగ ఖరగ్‌పూర్ తల్లిదండ్రులకు తెలియనిదేమీ కాదు. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబానికి మాత్రం ఇంకొక ముడి ఉంది, అది రాష్ట్రాల సరిహద్దు.

తల్లిదండ్రులు కీలక నిర్ణయం తీసుకోవలసినది పిల్లవాడు ఎనిమిదో తరగతి పూర్తిచేసే సమయంలో. ఆంధ్రప్రదేశ్ వృత్తివిద్యా కళాశాలలలో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. స్థానికుడు అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం నుంచి వెనక్కి లెక్కిస్తే నాలుగవది తొమ్మిదో తరగతి. అంటే పద్నాలుగేళ్ల పిల్లవాడిని విశాఖపట్నంలో హాస్టల్లోనో, అమ్మమ్మగారింటనో ఉంచితేనే ఆ లెక్క సరిపోతుంది. పదో తరగతి తరువాత పంపిస్తే రెండేళ్లు తక్కువ పడుతుంది. ఈ విషయం తెలియక ఇంటర్‌కు పంపి, కౌన్సెలింగ్ సమయంలో పిల్లవాడు స్థానికేతరుడని తేలిన తరువాత బాధపడే పరిస్థితి ఏ కుటుంబానికైనా రావచ్చు.

మిగిలిన 15 శాతం సీట్ల విషయం వేరు. అవి స్థానికులకు, స్థానికేతరులకు కూడా తెరచి ఉంటాయి. తల్లిదండ్రులలో ఒకరు ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే పిల్లలు వాటికి అర్హులు. ఇక్కడ తల్లి పాత్ర ముఖ్యం. తండ్రి ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగినా, తల్లి టెక్కలిలోనో బొబ్బిలిలోనో పుట్టి పెళ్లి వరకు అక్కడే ఉన్నట్లయితే, ఆమె చదువు ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం బిడ్డకు దారి చూపుతాయి. అందువల్ల అమ్మ బడి కాగితాలను పెట్టె అడుగున పడేయకూడదు. నిబంధనలు ఏటా ప్రవేశ ప్రకటనలో వస్తాయి కనుక, వాటిని ఆ సంవత్సరం చదివి నిర్ధారించుకోవలసి ఉంటుంది.

రెండవ వైపు పశ్చిమ బెంగాల్ ఉంది. అక్కడ పదేళ్లు వరుసగా నివసించిన విద్యార్థి రాష్ట్ర జాయింట్ ఎంట్రెన్స్‌లో ఆ రాష్ట్రవాసిగా దరఖాస్తు చేయవచ్చు. న్యూ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగిన బిడ్డకు ఇది సహజంగానే వర్తిస్తుంది. చట్టం దృష్టిలో ఆ బిడ్డ బెంగాల్ బిడ్డ. తాతగారి ఊరికి వెళ్తే స్థానికేతరుడు. పద్నాలుగేళ్లకు ఇల్లు విడిచి హాస్టల్‌కు వెళ్లడమా, తల్లిదండ్రుల దగ్గరే ఉండి బెంగాల్ దారిలో సాగడమా అన్నది కేవలం సీట్ల లెక్క కాదు. ఇంటి దగ్గర ఉండగలిగిన పిల్లవాడిని స్థానికత కోసం మాత్రమే నాలుగేళ్లు దూరం పంపడం చాలా ఇళ్లలో అవసరానికి మించిన ఖరీదు అని నా అభిప్రాయం. జాతీయ స్థాయి పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఆ ప్రయోజనం మరీ తక్కువ.

కుల ధ్రువపత్రం విషయం ఇంకా సున్నితమైనది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు కులం లేదా తెగగా గుర్తింపు పొందినవారు వేరే రాష్ట్రానికి వలస వెళ్తే, అక్కడ ఆ రాష్ట్ర ప్రయోజనాలు కోరలేరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి మహారాష్ట్రకు వెళ్లిన కుటుంబానికి చెందిన విద్యార్థి కేసు అది. కుటుంబం ఏ రాష్ట్రానికి చెందినదో తేల్చడానికి చూసేది తొలి రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడిన నాటి శాశ్వత నివాసం. షెడ్యూల్డు కులాలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10. తాతగారు ఆ రోజున ఎక్కడివారు? ఖరగ్‌పూర్‌లో బతుకుతెరువు కోసం తాత్కాలికంగా ఉన్నారా, స్థిరపడ్డారా? ఆ పెద్దాయన ఏనాడూ ఊహించని ప్రశ్నకు మనుమరాలు ఆధారం చూపవలసి వస్తుంది. పాత సర్వీసు రికార్డు, ఊరి భూమి కాగితం, తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన ధ్రువపత్రం ఇక్కడ పనికి వస్తాయి. వలస వచ్చినవారి పిల్లలకు తండ్రి ధ్రువపత్రం ఆధారంగా ఇప్పుడు నివసిస్తున్న రాష్ట్రం అధికారులే పత్రం ఇవ్వవచ్చు. కాని అందులో కుటుంబపు మూల రాష్ట్రం పేరు ఉంటుంది. అది కేంద్ర ఉద్యోగాలకు పనికి వస్తుంది, బెంగాల్ రాష్ట్ర ప్రయోజనాలకు పనికి రాదు.

ఇక భాష. న్యూ సెటిల్‌మెంట్ పిల్లలకు నాలుగు భాషలు చెవిన పడతాయి. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, మైదానంలో హిందీ, బజారులో బంగ్లా, తరగతిలో ఇంగ్లీషు. మినీ ఇండియా అని ఖరగ్‌పూర్‌కు ఉన్న పేరు ఊరికే రాలేదు. మాట్లాడే తెలుగు పోవడం అంత తేలిక కాదు, ఎందుకంటే వియ్యాలు ఇంకా సొంత జిల్లాలతోనే. కోడళ్లు వస్తూనే ఉంటారు, వారితో పాటు తాజా తెలుగు వస్తుంది. పోయేది చదవడం, రాయడం. కేంద్రీయ విద్యాలయంలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం నేర్పుతారు, తెలుగుకు తావు లేదు. పశ్చిమ బెంగాల్ మాధ్యమిక బోర్డు ప్రథమ భాషల జాబితాలో మాత్రం తెలుగు ఉంది. అంటే హక్కు కాగితం మీద ఎప్పటి నుంచో ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయం కల్పించాలని 1956 సవరణతో వచ్చిన 350-ఎ అధికరణం రాష్ట్రాలను కోరుతున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ భాష మాట్లాడేవారు పది శాతం మించిన ప్రాంతాలకు ఈ హోదా వర్తిస్తుంది.

ఆ నిర్ణయాన్ని ఖరగ్‌పూర్ తెలుగువారు స్వాగతించడం న్యాయమే. అయితే హోదా వల్ల దరఖాస్తు తెలుగులో ఇవ్వవచ్చునేమో గాని, ఆరేళ్ల పిల్ల అక్షరాలు దిద్దదు. తల్లిదండ్రులు ఇంగ్లీషు మాధ్యమాన్ని ఎంచుకుంటున్నంత కాలం తెలుగు తరగతికి పిల్లలుండరు, పిల్లలు లేకపోతే ఉపాధ్యాయుడిని వేయరు, ఉపాధ్యాయుడు లేడు కనుక తల్లిదండ్రులు చేర్పించరు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. ఇంగ్లీషు మాధ్యమం మానుకోనక్కరలేదు. సాయంత్రం గంటసేపు, పది ఇళ్ల పిల్లలు కలిసి, చదువుకున్న ఒక కోడలి దగ్గర ఒత్తులు, గుణింతాలు నేర్చుకుంటే రెండు వేసవులలో దినపత్రిక చదవగలుగుతారు. లేకపోతే వాట్సాప్‌లో అమ్మమ్మ పంపిన తెలుగు సందేశాన్ని చదివి వినిపించమని అమ్మను అడిగే పరిస్థితి కొనసాగుతుంది.

పండుగల విషయంలో బెంగ అక్కరలేదు. న్యూ సెటిల్‌మెంట్‌లోని రావణ మైదానంలో దసరానాడు రావణ దహనానికి ఊరంతా వస్తుంది. అక్కడే జగన్నాథుని రథయాత్ర జరుగుతుంది. మలంచా వైపు బాలాజీ మందిరం ఉంది. ఎండాకాలంలో తెలుగువారు చేసే మాతాపూజలో పసుపునీళ్ల ఘటాలు ఎత్తుకొని స్త్రీలు ఊరేగుతారు. విజయనగరం ప్రాంతపు గ్రామదేవత పండుగలు చూసినవారికి అది కొత్తగా అనిపించదు. బంగ్లా పొరుగువారు కూడా మొక్కులు చెల్లించుకోవడం చూస్తే, ఆ పండుగ ఇప్పుడు ఖరగ్‌పూర్ సొంతమైందని చెప్పవచ్చు. ఒక్క సంక్రాంతికే లోటు. దుర్గాపూజకు బడులకు పెద్ద సెలవులు ఉంటాయి గాని, భోగి, కనుమలకు కావు. అందుచేత సొంతూరి ప్రయాణం చాలామందికి సంక్రాంతికి కాక దసరాకో, వేసవికో కుదురుతుంది.

విరమణ తరువాత ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్నకు చాలా కుటుంబాలు చెప్పే జవాబు బయటివారిని ఆశ్చర్యపరుస్తుంది. ఊరికి తిరిగి వెళ్తామని ముప్పై ఏళ్లు చెప్పినవారే, తీరా సమయం వచ్చేసరికి రైల్వే హద్దు దాటి మలంచా, ఝాపేటాపూర్ వంటి చోట్ల చిన్న ఇల్లు కొనుక్కొని ఆగిపోతారు. దీనికి ప్రధాన కారణం మమకారం కాదు, ఆసుపత్రి. విరమణ సమయంలో ఒకసారి చందా కట్టి ఆరోగ్య పథకంలో చేరిన ఉద్యోగికి, జీవిత భాగస్వామికి రైల్వే వైద్యం జీవితాంతం ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో డివిజన్ స్థాయి ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరం. సొంతూరు పల్లె నుంచి విశాఖపట్నం రైల్వే ఆసుపత్రికి వంద కిలోమీటర్లు ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులున్న దంపతులకు ఈ తేడా చిన్నది కాదు. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి పాత పింఛను లేదు కనుక, వారు ఇంటి స్థలం విషయం యాభై ఏళ్లు దాటేవరకు వాయిదా వేయకపోవడం మంచిది. గ్రాట్యుయిటీ వచ్చిన తరువాత కొందామనుకుంటే, క్వార్టరు ఖాళీ చేస్తేగాని గ్రాట్యుయిటీ చేతికి రాదు. ఇల్లు లేనిదే క్వార్టరు ఖాళీ చేయడం కుదరదు.

ఇరవై ఏళ్లు సర్వీసు పూర్తిచేసి విరమించిన గ్రూప్-సి ఉద్యోగికి ఏటా రెండు సెట్ల పాసులు వస్తాయి. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు కనుక ఒక సెట్టు అటు పోతుంది. మిగిలిన సెట్టు మీద హౌరా నుంచి వచ్చే రైలు ఎక్కి, బరంపురం, ఇచ్ఛాపురం దాటి, పలాసలోనో శ్రీకాకుళం రోడ్డులోనో దిగుతారు. ఊళ్లో వారిని ఖరగ్‌పూర్ వాళ్లు వచ్చారనే అంటారు.